పోత దిమ్మకు పది గంటలు

వంశధారకు పెద్ద వరద వచ్చిన యేడు జరిగిన సంగతి ఇది. కాగితాలు చూసేవాళ్ళు ఎనభయ్యో సంవత్సరం అంటారు. నీలకంఠం మాత్రం వరద యేడనే అనేవాడు. ఆ వరదకి ఉత్తరాన ఎక్కడో రైలు కట్ట తెగింది. కలకత్తా నుంచి రావలసిన అల్యూమినియం కడ్డీలు దారిలో ఆగిపోయాయి. అవి వేళకి వచ్చి ఉంటే చెప్పుకోడానికి ఏమీ ఉండేది కాదు.

విశాఖపట్నంలో కాన్వెంటు జంక్షన్ దాటి పోర్టు వైపు వెళ్తుంటే, రైలు పట్టాల వెనక చలమయ్యగారి షెడ్డు ఉండేది. చలమయ్యగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. షెడ్డులో ఒక ఆయిలు బట్టీ, ఒక కరెంటు సమ్మెట, గోడవారగా ఆకురాయి బల్లలు. ఓడలకి కావలసిన చిన్న చిన్న అల్యూమినియం సామాన్లు అక్కడ కాల్చి, అచ్చులో పెట్టి, సమ్మెటతో కొట్టి చేసేవారు. కాల్చేవాడు నీలకంఠం. కొట్టేవాడు అప్పలసూరి, నీలకంఠం పెళ్ళాం దేముడమ్మకి అన్న. ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకునేవారు. పనిలో ఆ పిలుపు కూడా అక్కర్లేదు. నీలకంఠం పట్టకారు ఎత్తేసరికి అప్పలసూరి కాలు మీట మీద ఉండేది.

నీలకంఠం తగరపువలస సంతకి కొడవళ్ళూ కర్రులూ చేసిపెట్టిన ఇంట్లో పుట్టాడు. పలక కంటే ముందు కొలిమి తిత్తి పట్టాడు. పట్నం వచ్చాక మాత్రం తొమ్మిదేళ్ళు ఆకురాయి బల్ల దగ్గరే కూర్చోవలసి వచ్చింది. ఎవరో కాల్చి, ఇంకెవరో కొట్టిన ముక్కలకి ఆకురాయితో అంచులు రాసి నున్న చెయ్యడం. కమ్మరింట పుట్టి, నిప్పుకి వీపు పెట్టి కూర్చోవడం ఎంత కష్టంగా ఉండేదో అతను ఎవరితోనూ అనలేదు. పాత బట్టీ మనిషి చూపు మందగించి మానేశాక, మూడేళ్ళ కిందట, ఆ చోటు నీలకంఠానికి వచ్చింది. ఆ రోజు దేముడమ్మ పూర్ణా మార్కెట్టుకి వెళ్ళి మంచి చేపలు తెచ్చి వండింది. అంతకు మించి పండగేమీ చెయ్యలేదు. కానీ ఆ చోటు పోతే మళ్ళీ బల్ల ముందు కూర్చోవడం తన వల్ల కాదని అతనికి తెలుసు. దేముడమ్మకీ తెలుసు.

ఇనుము కాలితే రంగు చెబుతుంది. ఎర్రబడుతుంది, పసుపు తిరుగుతుంది, తెల్లబడుతుంది. అల్యూమినియం ఏమీ చెప్పదు. చల్లగా ఉన్నప్పుడు ఏ రంగో, కరిగి జారిపోయే ముందు కూడా అదే రంగు. అందుకని నీలకంఠం లోహం మీద బట్టల సబ్బుతో ఒక గీత గీసేవాడు. గీత నల్లబడితే వేడి దగ్గరికొచ్చినట్టు. అప్పుడు సరుగుడు పుల్ల పెట్టి రాసేవాడు. పుల్ల మాడి, నల్లచార వదులుతూ, నూనె పూసినట్టు జారితే తీసి కొట్టొచ్చు. పుల్ల భగ్గుమంటే వేడి మీరినట్టు. బట్టీ పక్కన గడియారం లాంటి వేడి మీటరు ఒకటుండేది. ఫోర్‌మేన్ గురునాథరావు పట్టుబట్టి పెట్టించాడు. నీలకంఠం దాని మేకుకి చొక్కా తగిలించేవాడు.

గురునాథరావు కాకినాడలో డిప్లొమా చదివినవాడు, ముప్ఫై ఏళ్ళుంటాయి.

"చొక్కా కొంచెం పక్కన పెట్టండి నీలకంఠం గారూ, అంకె కనబడ్డం లేదండి" అనేవాడు.

"అంకె మీకు. సబ్బు నాకు" అనేవాడు నీలకంఠం.

అంతకన్నా పెద్ద గొడవ వాళ్ళిద్దరి మధ్యా ఎప్పుడూ జరగలేదు.

ఆ వరద రోజుల్లో షెడ్డుకి ఒక ఓడ నిచ్చెన పని వచ్చింది. ఓడ పక్క నుంచి రేవు మీదికి దించే అల్యూమినియం నిచ్చెన అది. సరంగులూ, కస్టమ్సువాళ్ళూ, కూలీలూ దాని మీదే ఎక్కి దిగుతారు. దాని మెట్లను పట్టుకునే బ్రాకెట్లు ఇరవై నాలుగు కావాలి. చేతిలో ఉన్న కడ్డీలతో ఎనిమిది అయ్యాయి. మిగతా కడ్డీలు రైల్లో చిక్కుకున్నాయి. వాటి జాడ చూసి రమ్మని గురునాథరావుని పలాస వైపు పంపించి, ఈలోగా చలమయ్యగారు ఊళ్ళోనే ఒక పోత కొట్టంలో అదే రకం లోహంతో దిమ్మలు పోయించి తెచ్చారు. కడ్డీ నున్నగా ఉండేది, పోత దిమ్మ గరుకుగా ఉంది. నీలకంఠం కంటికి తేడా అంతే కనబడింది.

మొదటి దిమ్మ మీద సబ్బు గీత నల్లబడింది. పుల్ల జారింది. తీసి అచ్చులో పెట్టాడు. అప్పలసూరి మీట తొక్కాడు. బ్రాకెట్టు అంచుల చుట్టూ పగుళ్ళు.

"ఏటి బావా, ఎండిపోయిన మడిలాగ నెర్రెలిచ్చేసినాది?" అన్నాడు అప్పలసూరి.

రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"సల్లగున్నాయి" అన్నాడు నీలకంఠం. "ఇంకాత్త పెడతాను."

అది కమ్మరివాడి మాట. సమ్మెట కింద ఇనుము అంచు పగిలిందంటే చల్లారిపోయిందన్నమాట, మళ్ళీ నిప్పులో పెట్టాలి. అతని తండ్రి అలాగే చేశాడు, తాతా అలాగే చేశాడు. నీలకంఠం ఆయిలు పెంచాడు. ఈసారి పుల్ల పెట్టగానే కొస అంటుకుంది. అంటుకున్నా తీసి కొట్టించాడు. బ్రాకెట్టు నిండుగా వచ్చింది, అంచున ఒక్క పగులు లేదు.

"అదీ! నిప్పంటే నీకే తెలవాల" అన్నాడు అప్పలసూరి.

అలా ఆరు వచ్చాయి. పైన మాత్రం అక్కడక్కడ ఆవగింజంత పొక్కులు లేచాయి. మామూలుగా అంచులు రాయడానికి బల్ల దగ్గర వేరే మనుషులున్నారు. నీలకంఠం ఆ ఆరూ వాళ్ళకి ఇవ్వలేదు. అన్నాల వేళ అందరూ బయటికి వెళ్ళాక, తనే కూర్చుని ఆ పొక్కులు నున్నగా రాసేశాడు. ఎందుకు రాశావని అడిగితే చెప్పలేకపోయేవాడు. చర్మం మీది దోషమే కదా అనుకున్నాడు.

మధ్యాహ్నం ఇంకొంచెం వేడి పెంచాడు. ఆ ఆరింటి తరవాతి దిమ్మ సమ్మెట దెబ్బకి తడి ఇసక ముద్దలా రాలిపోయింది. అచ్చులో బ్రాకెట్టు లేదు, పొడి ఉంది. దాని తరవాతిది పట్టకారులోనే రెండు ముక్కలైంది. సరిగ్గా అప్పుడే చలమయ్యగారు లోపలికి వచ్చారు.

"ఏందయ్యా నీలకంఠం ఇది? దిమ్మలు కాలుస్తున్నావా, అటుకులు దంచుతున్నావా?"

నీలకంఠం పట్టకారులో మిగిలిన ముక్క కింద పెట్టాడు.

"నీ సబ్బూ నువ్వూ! ఇంకొక్క తప్పు జరిగిందంటే రాజమండ్రి నుంచి బట్టీ మనిషిని తెచ్చుకుంటా. నువ్వు మళ్ళీ బల్ల ముందుకి పోతువుగాని. గురునాథరావు వచ్చేదాకా నిప్పు ఆర్పెయ్."

బట్టీ ఆర్పేశారు.

గురునాథరావు రెండు రోజుల తరవాత వచ్చాడు. పంట్లాము మోకాళ్ళ దాకా బురద. "కడ్డీలు వ్యాగన్లోనే ఉన్నాయండి. వ్యాగన్ ఎక్కడుందో రైల్వేవాళ్ళకే తెలీదండి" అన్నాడు. నెర్రెలిచ్చిన మూడూ చూశాడు. బాగా వచ్చిన ఆరూ కళ్ళతో చూసి, ఆకురాయి అంచుతో గీకి చూసి, తనిఖీ కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ వేళ అతనికి ఒంట్లో ఓపిక లేదు. ఎలా వచ్చాయని అడగలేదు. నీలకంఠం చెప్పలేదు. పొడి మాత్రం అతను రాకముందే ఊడ్చి పారేశారు.

మర్నాడు గురునాథరావు మీటరు మీది చొక్కా తీసి, మడత పెట్టి నీలకంఠం చేతికిచ్చాడు.

"ఇది పోత సరుకండి. దీన్ని కొట్టే ముందు నానబెట్టాలి."

"నానబెట్టడానికి సెనగలేటి?" అన్నాడు అప్పలసూరి.

"సెనగలే అనుకోండి. పది గంటలు. వేడి పెంచకూడదు, తగ్గించకూడదు. ఈ ముల్లు అయిదొందల ముప్ఫై దగ్గర నిలబడాలి. తరవాత తీసి నెమ్మదిగా చల్లారనివ్వాలి. మర్నాడు మళ్ళీ కాల్చి కొట్టుకోవాలి."

దిమ్మలు లోపల పెట్టి, పొద్దున్న ఆరింటికి బట్టీ వెలిగించారు. నీలకంఠం ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. కొట్టకుండా ఏ లోహాన్నీ అంతసేపు నిప్పులో ఉంచి ఎరగడు. ముల్లు కొంచెం ఎక్కితే ఆయిలు తగ్గించాడు, దిగితే పెంచాడు. రెండు మూడు గంటలకి ముల్లు అతని చేతికి అలవాటు పడింది. మధ్యాహ్నం గురునాథరావు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"బాబూ, లోపలేటవుతాది?" అని అడిగాడు నీలకంఠం. అలా అడగడం అదే మొదలు.

గురునాథరావు నేల మీద సుద్దముక్కతో గింజల్లా కొన్ని గుండ్రాలు గీశాడు.

"పోత పోసినప్పుడు లోహమంతా ఒకేసారి గడ్డకట్టదండి. ఇలా గింజలు గింజలుగా కడుతుంది. ఆఖర్న మిగిలిన రసం ఈ గింజల సందుల్లో ఇరుక్కుని పెళుసుగా ఉండిపోద్ది. కొడితే ఆ సందుల వెంట పగులుద్ది. దానికి కావలసింది ఎక్కువ వేడి కాదండి, ఎక్కువసేపు వేడి. అప్పుడా సందులోది మెల్లిగా గింజలోకి కలిసిపోద్ది. కడ్డీలకి ఫ్యాక్టరీలోనే ఇదంతా చేసి, నొక్కి పంపిస్తారు. అందుకే మీ సబ్బుకి ఇన్నాళ్ళూ ఇబ్బంది రాలేదు."

నీలకంఠం ఆ గుండ్రాల కేసి చూశాడు.

"మరి ఏడి ఎక్కువెట్టేత్తే?"

"ముందు ఆ సందులోదే కరుగుద్ది. గింజ కరగదు. పైకి చూస్తే మామూలుగానే ఉంటదండి, మహా అయితే చిన్న పొక్కులు లేస్తాయి. లోపల మాత్రం అతుకు పోయినట్టే. ఒకసారి అలా అయ్యాక ఎంత నానబెట్టినా బాగుపడదు."

"అలాటిది మెట్టు కిందెడితే?"

గురునాథరావు నవ్వాడు. "ఎవరు పెడతారండీ?"

నీలకంఠం ముల్లు కేసి తిరిగాడు.

మర్నాడు నానిన దిమ్మలు కాల్చి కొట్టారు. సబ్బు గీత ఎప్పటిలా నల్లబడింది, పుల్ల ఎప్పటిలా జారింది. సమ్మెట పడితే దిమ్మ మైనంలా అచ్చు మూలమూలకీ పాకింది. పదికి పదీ నిండుగా వచ్చాయి. అప్పలసూరి ప్రతి దెబ్బకీ పెద్దగా లెక్క పెట్టాడు. ముందువాటిలాగే వాటినీ మళ్ళీ కాల్చి నీళ్ళలో ముంచి, చిన్న వేడిలో ఉంచి గట్టిపరిచారు. ఆ మరుసటి రోజు మధ్యాహ్నానికి ఇరవై నాలుగూ గడ్డి వేసిన చెక్కపెట్టెలో సర్దారు. పెట్టె తెల్లారి పోర్టుకి వెళ్ళాలి.

చలమయ్యగారు కారప్పూస పొట్లం తెచ్చి అందరికీ పంచారు.

"నీలకంఠం, నోరు జారానులే. బట్టీ నీదేనయ్యా. రాజమండ్రీ లేదు, ఏం లేదు" అన్నారు.

నీలకంఠం కారప్పూస పుచ్చుకున్నాడు. తినలేదు. పట్టాల వైపు గోడ పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. అప్పలసూరి వెనకే వచ్చి, అతని చేతిలోది కూడా తను నములుతూ అడిగాడు.

"ఏటలాగున్నావు?"

"ఆ ఆరూ."

"ఏ ఆరు?"

"పుల్ల అంటుకున్న ఆరు. ఆటి పొక్కులు నానే రాసీసినాను."

అప్పలసూరి నమలడం ఆపాడు. "ఇంకెవుడికి తెలుసు?"

"నీకు. ఇప్పుడు."

"అయితే నాకు తెల్దు. అయిపోనాది. సూడు బావా, ఇరవై నాలుగులో ఆరు. మిగతా పద్దెనిమిదీ మొయ్యవేటి? అయినా నాను కొట్టినాను కదా, గట్టిగానే ఉన్నాయి."

"గట్టిదనం కాదు. లోపల అతుకు నేదు."

"నోపలికెల్లి సూసొచ్చినావేటి? నువ్విప్పుడు నోరిప్పితే ఆయన నిన్ను బల్ల ముందు కూకోబెడతాడు. తొమ్మిదేళ్ళు నువ్వెలాగున్నావో మా సెల్లిని అడుగు. ఇంట్లో మనిషితో మాటాడేవోడివి కాదు. అది నా దగ్గరకొచ్చి ఏడిసేది."

"ఇప్పుడు మాటాడతన్నానా?"

"ఇప్పుడూ మాటాడవనుకో. కానీ ఇప్పటి మాటాడకపోడం యేరు."

నీలకంఠానికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. గోడ అవతల గూడ్సు బండి ఒకటి చాలాసేపు పోయింది.

"ఎవుడో ఎక్కుతాడు బావా" అన్నాడు నీలకంఠం. "నెత్తిమీద మూటెట్టుకుని ఎక్కుతాడు."

"ఎక్కితే ఎక్కుతాడు, మనకేటి..." అప్పలసూరి ఆ మాట పూర్తి చెయ్యలేదు. "నువ్వు సెప్పినా నాను ఏటీ అన్ను. కానీ నన్ను సాచ్చికం పిలవకు" అని లోపలికి వెళ్ళిపోయాడు.

పని ఆపే సైరను మోగడానికి ఇంకా అరగంట ఉంది. నీలకంఠం గురునాథరావు బల్ల దగ్గరికి వెళ్ళి, నిలబడే చెప్పాడు. పుల్ల అంటుకోవడం, పొక్కులు, రాసెయ్యడం, పొడి ఊడ్చెయ్యడం, వరసగా ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. గురునాథరావు పెన్ను మూత పెట్టాడు.

"నేను సంతకం పెట్టేశానండి" అన్నాడు.

"అవును బాబూ."

గురునాథరావు తనిఖీ కాగితం బయటికి తీసి చూశాడు. తరవాత లేచాడు. "ఏ ఆరో చెప్పగలరా?"

పెట్టె మేకులు ఊడదీశారు. నీలకంఠం ఒక్కొక్క బ్రాకెట్టూ చేతిలోకి తీసుకుని, బొటనవేలితో వెనక వైపు తడిమి చూశాడు. తన ఆకురాయి పోటు తనకి తెలుసు. అయిదు వెంటనే తీసి పక్కన పెట్టాడు. ఆరో దాని దగ్గర ఆగిపోయాడు. రెండు ఒకేలా ఉన్నాయి. రెండూ తీసేశాడు.

"ఏడయ్యాయండి" అన్నాడు గురునాథరావు.

"ఒకటి అనుమానం."

ఒకదాన్ని వైస్‌లో బిగించి, గురునాథరావు తనే పెద్ద సుత్తి పుచ్చుకుని కొట్టాడు. అలవాటు లేని చెయ్యి. సుత్తి పక్కకి పోయింది. అప్పలసూరి వచ్చి, ఏమీ అనకుండా సుత్తి తీసుకున్నాడు. ఒక్క దెబ్బకి బ్రాకెట్టు పటుక్కున విరిగింది. విరిగిన చోట పంచదార పలుకుల్లా బూడిదరంగు గింజలు, ఒకదానికొకటి అంటనట్టున్నాయి. రెండోది విరిగింది. మూడోది విరిగింది. ఆరూ విరిగాయి. ఏడోది వంగింది. మళ్ళీ కొట్టాడు, ఇంకా వంగింది కానీ విరగలేదు.

"ఉత్తినే మంచిదాన్ని పాడు సేయించినావు కదా" అన్నాడు అప్పలసూరి.

చలమయ్యగారిని పిలిపించారు. ఆయన వచ్చి విరిగిన ముక్కలు చూశారు. ముందు అరవలేదు. ఒక ముక్క తీసుకుని, విరిగిన చోట గోటితో గీకారు. గింజలు రాలాయి. అప్పుడు అరిచారు. ఓడవాళ్ళకి ఏం చెప్పాలన్నారు, షెడ్డు పేరు ఏమవుతుందన్నారు. గురునాథరావు సంతకం సంగతి తనే చెప్పాడు. ఆయన అతన్నీ నాలుగు మాటలన్నారు. అంతా అయ్యాక నీలకంఠం కేసి తిరిగారు.

"చెప్పావు, బాగానే ఉంది. చెప్పకపోతే ఎవడి ప్రాణమో పోయేది, అదీ ఒప్పుకుంటా. కానీ ఇన్ని రోజులు దాచావు. పొక్కులు రాసి దాచావు. దాచినవాడి చేతికి నేను నిప్పు ఇవ్వను. రేపటి నుంచి బల్ల దగ్గర కూర్చో."

"అలాగే" అన్నాడు నీలకంఠం.

ఓడవాళ్ళ దగ్గర ఇంకో మూడు రోజులు గడువు అడగడానికి చలమయ్యగారు పోర్టుకి వెళ్ళారు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ నీలకంఠం దేముడమ్మకి ఆ సంగతి రెండు మాటల్లో చెప్పాడు. ఆమె చెంబు పట్టుకుని అలాగే నిలబడింది.

"మల్లా బల్లకేనా?"

"బల్లకే."

"నువ్వే సెప్పినావా, ఆల్లే కనిపెట్టినారా?"

"నానే."

ఆమె చెంబు కింద పెట్టి లోపలికి వెళ్ళింది. అన్నం పెట్టింది. చారులో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. అతను అలాగే తిన్నాడు.

తెల్లవారి నీలకంఠం అయిదున్నరకే షెడ్డుకి వెళ్ళాడు. తాళంచెవి ఇంకా అతని దగ్గరే ఉంది, చలమయ్యగారు కోపంలో అడగడం మరిచిపోయారు. ఏడు బ్రాకెట్లు మళ్ళీ కావాలి. అంటే ఏడు దిమ్మలు పది గంటలు నానాలి. ఎనిమిదింటికి అందరూ వచ్చి వెలిగిస్తే సాయంత్రం సైరను లోపల అవి పూర్తి కావు, గడువులో ఒక రోజు పోతుంది. అతను ఏడు దిమ్మలు ఎంచి, ఒకదానికొకటి తగలకుండా బట్టీలో పేర్చాడు. వెలిగించాడు. పీట వేసుకోలేదు, నిలబడే ముల్లు చూస్తూ ఆయిలు సర్దాడు. ఆరుంబావుకల్లా ముల్లు చోటుకి వచ్చి నిలబడింది.

ఎనిమిదింటికి గురునాథరావు వచ్చాడు. వెలుగుతున్న బట్టీ చూసి గుమ్మంలోనే ఆగాడు.

"ఆరుంబావు నుంచి లెక్క బాబూ" అన్నాడు నీలకంఠం. "నాలుగుంబావుకి తీయించండి. ఎడమ పక్క మంట కాత్త ఎక్కువ ఎగతాది, సూసుకోవాల."

తాళంచెవి అతని చేతిలో పెట్టాడు. గోడవారగా నడిచి బల్ల దగ్గరికి వెళ్ళాడు. వంగిన బ్రాకెట్టు ఇంకా వైస్‌లోనే బిగించి ఉంది. దాన్ని విప్పి కింద పెట్టి, బల్ల దుమ్ము చేత్తో తుడిచి, బట్టీకి వీపు పెట్టి కూర్చున్నాడు.